మాట పుట్టిల్లు: డబ్లిన్ బోర్డు మీద చేతిపని

ప్రశ్న: సార్ నమస్తే. మాది శ్రీకాళహస్తి, ఇంట్లో అందరం కలంకారీ పనే. మా పాప ఐర్లాండులో నర్సుగా చేస్తా ఉంది. పోయిన నెల డబ్లిన్‌లో ఒక అంగడి బోర్డు ఫోటో తీసి పంపింది, పైన ఇంగ్లీషులో హ్యాండీక్రాఫ్ట్స్ అని ఉండాది, కింద వాళ్ల ఐరిష్‌లో బారెడు మాట ఉండాది. దాన్ని ఎట్లా పలకాలో పాపకీ తెలీలేదు. మా చుట్టాల గ్రూపులో పెడితే ఒకాయన ఇది మన సంస్కృతం 'కర' నుంచే పోయిందమ్మా, కరం అంటే చెయ్యి కదా, అందుకే అందులో 'క' ఉండాది అని పెద్ద మెసేజ్ పెట్టినాడు, దానికి ఇరవై దండాల బొమ్మలు పడినాయి. నిజమేనా సార్? ఆ మాట అసలు యాడ పుట్టింది?
ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: అమ్మా, మీ చుట్టం చెప్పింది తప్పే, కానీ ఆయన మీద కోపం వద్దు. సంస్కృతానికీ ఐరిష్‌కీ చుట్టరికం నిజంగానే ఉంది, ఆయన వేలు పెట్టి చూపించిన చోట లేదు, పక్కింట్లో ఉంది. ఇంకోటి, ఆ చుట్టరికం అమ్మాకూతుళ్లది కాదు, అక్కాచెల్లెళ్లది. రెండూ అంతకంటే పాత భాష ఒకదాన్నించి వేరుపడి ఒకటి ఇటు వచ్చింది, ఒకటి సముద్రం దాకా పోయి అటు చివర కూర్చుంది. ఇక్కణ్ణించి అక్కడికి ఎవరూ మూట కట్టి పంపలేదు.

మీ పాప పంపిన మాటని మన అక్షరాల్లో సుమారుగా రాస్తే 'లావ్‌హ్యార్దీఅఖ్త్'. ఒక్కసారి భయపెడుతుంది గానీ విడదీస్తే రెండే ముక్కలు. 'లావ్' అంటే చెయ్యి, 'క్యార్దీఅఖ్త్' అంటే పనితనం, వృత్తి. రెండూ అతుక్కునేసరికి రెండో దాని మొదట్లో ఉన్న 'క్య' మెత్తబడి 'హ్య' అయింది. ఇది మనకేం కొత్త, అన్న ప్లస్ తమ్ముడు అన్నదమ్ములు అయినప్పుడు 'త' పోయి 'ద' రాలేదా, అట్లాంటిదే.

ముందు ఆ 'లావ్' సంగతి. మన లావుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఎవరైనా గ్రూపులో పెట్టేలోపే చెప్పేస్తా ఉన్నా. రాసేది ఎల్, నెత్తిన గీత ఉన్న ఎ, ఎమ్, పక్కన ఒక హెచ్. ఆ ఎమ్ హెచ్ కలిస్తే 'వ' అని చదవాలి. పాత అచ్చుల్లో ఈ హెచ్ ఉండేది కాదు, ఎమ్ నెత్తిమీద ఒక చుక్క పెట్టేవాళ్లు, చుక్క ఉంటే మెత్తగా పలుకు అని గుర్తు. తర్వాత టైపు మిషన్లకి ఆ చుక్క తలనొప్పి అని దించేసి పక్కన హెచ్ కూర్చోబెట్టినారు. అందుకే ఐరిష్ బోర్డు ఏది చూసినా హెచ్‌లు చీమల్లా పాకుతా ఉంటాయి. మీ పాపకి ఈ ఒక్కటి చెప్పండి, సగం బోర్డులు చదివేస్తుంది.

ఇప్పుడు తమాషా వినండి. ఐరిష్ వాళ్ల పూర్వీకుల నోట్లో మాట మొదట్లో ఉండే 'ప' రాలిపోయింది. ఒక మాటలో కాదు, దాదాపు అన్నిట్లో. లాటిన్‌లో అరచెయ్యి 'పాల్మా', ఐరిష్‌లో ఆ 'ప' ఊడి లామ్ అయి, చివరి 'మ' మెత్తబడి లావ్ అయింది. లాటిన్‌లో చేప 'పిస్కిస్', ఐరిష్‌లో 'ఈఅస్క్'. సంస్కృతంలో తండ్రి పితృ, ఐరిష్‌లో 'అహిర్'. వీటన్నిట్లోకి నాకు నచ్చేది ఒబ్బట్టులో ఉండాది. ఒబ్బట్టు లోపల పెట్టేదాన్ని పూర్ణం అంటాం కదా, నిండుగా ఉండేది అని, ఆ పూర్ణకి ఐరిష్ చెల్లెలు 'లాన్', అర్థం అదే, నిండు. 'ప' పడిపోయింది, మనకాడ 'ర' అయింది వాళ్లకాడ 'ల'గానే ఉండిపోయింది. వినేదానికి ఒక్క అక్షరం కూడా కలవదు, అయినా ఒక తల్లి బిడ్డలే. మీ చుట్టం మెసేజ్‌కి ఇదే నా జవాబు, ఒకే మాదిరి వినపడితే చుట్టాలని కాదు, వేరేగా వినపడితే పరాయివాళ్లనీ కాదు, ఏ అక్షరం ఎక్కడ మారిందో వరసగా లెక్క తేలాలి.

ఇంక రెండో ముక్క. అసలు కథంతా దీంట్లోనే ఉంది. ఈ రోజు ఐరిష్‌లో చేతివృత్తిని 'కేర్డ్' అంటారు, పనివాణ్ణి 'క్యార్దీ' అంటారు. వెయ్యేళ్లకి పైబడిన పాత ఐరిష్‌లో దీని రూపం 'కెర్ద్'. ఆ రోజుల్లో కెర్ద్ అంటే ముఖ్యంగా కంచు, వెండి, బంగారం పని చేసేవాడు, మన మాటల్లో కంసాలి. అదే కెర్ద్‌కి ఇంకో అర్థం కూడా ఉండేది, కవి. ఒకే మాట ఇద్దరికీ. సుత్తి పట్టుకున్నోణ్ణీ పద్యం కట్టేవాణ్ణీ ఒకే పేరుతో పిలిచేవాళ్లు, ఎవురికీ అది వింతగా అనిపించలేదు.

వాళ్ల పాత కథ ఒకటుంది. లూ అనే వీరుడు తారా అనే రాజధాని గుమ్మం కాడికి వస్తాడు. ద్వారపాలకుడు నీకేం పని వచ్చు, పని రానివాణ్ణి లోపలికి పంపను అంటాడు. వడ్రంగం వచ్చు అంటే మాకు వడ్రంగి ఉన్నాడు పో అంటాడు, కమ్మరం వచ్చు అంటే కమ్మరి ఉన్నాడంటాడు, వీణ లాంటి వాయిద్యం వాయిస్తా అంటే అదీ ఉంది, కవిత్వం, వైద్యం, చివరికి కెర్ద్‌ని అంటే ఆయనా ఉన్నాడు అంటాడు. అప్పుడు లూ, ఈ పనులన్నీ ఒక్కడికే వచ్చినోడు మీ రాజుకాడ ఉన్నాడేమో అడిగిరాపో అంటాడు. లేడు. తలుపు తెరుచుకుంది. ఈ కథలో మొత్తం పనుల్ని కలిపి పిలిచే మాట 'దాన్'. అన్ని దాన్‌లూ ఉన్నవాడు అనే బిరుదు లూకి. ఈ దాన్ మన దానమే అమ్మా, నిజంగా అదే ధాతువు, ఇవ్వడం. వాళ్లకాడ ఇచ్చినది అనే అర్థం నుంచి దేవుడిచ్చిన విద్య అయింది, అక్కణ్ణించి కవిత్వం అయింది, ఇప్పుడు ఐరిష్ బడిపిల్లల్ని దాన్ చదువు అంటే పద్యం చదువుతారు. మీ చుట్టానికి సంస్కృతం కావాలంటే ఇదిగో, దీన్ని గ్రూపులో పెట్టమనండి, దండాలు సబబుగా పడతాయి.

కెర్ద్ మాత్రం సంస్కృతం వైపు రాలేదు. దానికి దగ్గర చుట్టం గ్రీకులో ఉంది, 'కెర్దోస్', అంటే లాభం. బహువచనంలో వాడితే యుక్తులు, తెలివైన ఎత్తులు అనే అర్థం. చేతిలో నేర్పు, దాన్నించి వచ్చే నాలుగు డబ్బులు, రెండూ ఒక్క వేరులో ఉన్నాయి. లాటిన్ వాళ్లు గ్రీకు నుంచి తీసుకుని 'కెర్దో' అని చేతిపనివాణ్ణి పిలిచినారు. మీ ఇంట్లో చీర అమ్ముడుపోయిన రోజు ఈ అర్థం మీకే బాగా తెలుస్తుంది.

ఇంక 'కర' మాటకొస్తే అది కృ అనే ధాతువు, చేయడం. చేసేది కాబట్టి కరం. ఈ కృకి ఐరిష్‌లో చుట్టం లేకపోలేదు, 'క్రుహ్' అని ఉంది, అర్థం రూపం, ఆకారం, అంటే చేసినది. నేను పక్కింట్లో అన్నది దీన్నే. రెండు మాటలూ 'క'తో మొదలైతే ఒకటే అనుకోవడం, తిరుపతిలో రెడ్డిగారూ అని పిలిచి ఎవరు తిరిగిచూస్తే ఆయన్ని మన మామ అనుకోవడం లాంటిది.

ఒక మాట ఇంట్లోంచి బయటపడి ఎన్ని తీర్లు బతుకుతుందో చూడాలంటే కెర్ద్‌ని చూడాలి. వేల్స్‌కి పోయినది 'కెర్ద్' అని ఇంకొంచెం మెత్తగా పలుకుతారు, అక్కడ కంసాలి ఎగిరిపోయినాడు, కవి ఒక్కడే మిగిలినాడు, పాట, పద్యం అని అర్థం, సంగీతానికి వాళ్ల మాట కూడా దీన్నించే వచ్చింది. స్కాట్లాండులో తలకిందులు. అక్కడ 'క్యార్ద్' అంటే ఊరూరా తిరిగి చిల్లులు పడిన గిన్నెలకి మాట్లు వేసేవాడు, పోను పోను అది తిట్టు కూడా అయింది. ఐర్లాండులో మధ్యలో నిలబడింది, మర్యాదగా, వృత్తి అని. కొలిమిని 'క్యార్తా' అంటారు, కెర్ద్ ఇల్లు అని పాత అర్థం. కార్మిక సంఘానికి వాళ్లు పెట్టుకున్న పేరులో కూడా మొదటి ముక్క ఇదే. అంటే ఒకే తల్లికి ముగ్గురు కొడుకులు, ఒకడు సంగీతం మాస్టరు, ఒకడు యూనియన్ లీడరు, ఒకడు మాట్లేసేవాడు. ముగ్గుర్లో ఎవరు గొప్ప అంటే నేను చెప్పను, మాట్లేసేవాడు లేకపోతే మిగతా ఇద్దరి ఇంట్లో చారు కారిపోతుంది.

మన కొండమీదకి రండి. తాళ్లపాక అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లో హుండీకి ఎదురుగా చిన్న అరలో పెట్టినారు, దాన్నే సంకీర్తన భాండారం అంటాం. ఆయన పోయింది 1503లో. వందల ఏళ్లు ఆ రేకులు అట్లానే పడి ఉండి 20వ శతాబ్దంలో బయటికొచ్చినాయి కాబట్టే ఈ రోజు రేడియోలో, పెళ్లిళ్లలో, సెల్‌ఫోన్ రింగుల్లో ఆ పాటలు మోగుతా ఉన్నాయి. రాగి మీద గుండ్రటి తెలుగు అక్షరం తిప్పడం ఏమన్నా ఆషామాషీనా, తాటాకు మీద గంటం జారినట్టు జారదది, ఉలి పెట్టి కొట్టాలి, సున్న ఒక పక్క లోతు ఎక్కువైతే రేకు ఆ పక్కకి వంగుతుంది. పాట కట్టినాయన పేరు ప్రతి కీర్తన కిందా చెప్తాం. రేకు చెక్కినాయన్ని మనం తలుచుకోం. పాత ఐరిష్‌లో అయితే ఆ ఇద్దరికీ కలిపి ఒక్క మాట సరిపోయేది, నాకు ఆ మాట మీద ఇంత మోజు ఎందుకంటే ఇందుకే.

మీ పాపకి సెలవు దొరికితే డబ్లిన్‌లో నేషనల్ మ్యూజియంకి పొమ్మనండి, టికెట్ లేదు. అక్కడ ఆర్డా పాత్ర అని ఒకటుంది, 8వ శతాబ్దపు వెండి పాత్ర, 1868లో లిమరిక్ జిల్లాలో ఉర్లగడ్డలు తవ్వుతా ఉంటే మట్టిలో దొరికింది. రెండు చేతుల్తో పట్టుకునే గిన్నె, చుట్టూ బంగారు తీగల పని. ఆ తీగల కింద వెండి మీద సన్నటి గీతల్లో ఏసు శిష్యుల పేర్లు చెక్కినారు, దగ్గరికి పోయి వంగి చూస్తే గానీ కనపడవు. కెర్ద్ అనే మాటకి బొమ్మ కావాలంటే అదే.

ప్రశ్న: అన్నా, పోయినసారి మీరు కలంకారీ పారసీ మాట అన్నారు. అంటే ఆ పని కూడా పారసీ వాళ్లదేనా? మా అవ్వ దాన్ని ఆ పేరుతో పిలిచేదే కాదు.
ఒక పాఠకుడు, ఏర్పేడు

జవాబు: మీ అవ్వ కరెక్ట్. ఆమె 'వ్రాతపని' అని ఉంటుంది, అవునా? కాళహస్తిలో పాత పేరు అదే. పేరు వేరే వాళ్లు పెట్టినంత మాత్రాన బిడ్డ వాళ్లది అయిపోదు కదా. కలం అనేది గ్రీకు 'కలమోస్', రెల్లుపుల్ల, అరబ్బీలోకి పోయి పారసీకి వచ్చి మనకాడికి చేరింది. 'కారీ' పారసీ ప్రత్యయం, పని అని, ఇది మాత్రం పైన చెప్పిన కృకి సొంత చుట్టం. చూడండి, కాళహస్తి అమ్మ ఇంటి పని పేరులోనే ఆమె చుట్టం వెతికిన 'కర' కూర్చోని ఉంది, ఆయన డబ్లిన్‌లో వెతుకుతా ఉన్నాడు.

కలం పేరు చాలా చోట్ల అప్పే. ఐరిష్‌లో పెన్నుని 'ప్యాన్' లాంటి మాటతో పిలుస్తారు, లాటిన్‌లో ఈక అనే మాట అది. వాళ్ల సొంత మాటల్లో మొదటి 'ప' రాలిపోయిందని చెప్పినా కదా, కాబట్టి ఐరిష్ మాట 'ప'తో మొదలైతే అది బయటినుంచి వచ్చిన సరుకు అయ్యే అవకాశమే ఎక్కువ.

వ్రాతపని అనే పేరు మీద ఇంకొక్క మాట. నేను ఒకసారి కాళహస్తిలో కూర్చోని చూసినా. వెదురు పుల్ల చివర సన్నగా చెక్కి, దానికి కొంచెం పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగించి, అదే కలం. రంగులో ముంచి గుడ్డని బొటనవేలితో మెల్లగా నొక్కతా ఉంటే మొనలోంచి దిగుతుంది, గట్టిగా నొక్కితే చుక్క పడి గుడ్డ పాడు. ఇనప తుక్కు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టిన రసం, దాన్ని కసిమి అంటారు, గిన్నెలో చూస్తే పలచటి కషాయం మాదిరి ఉంటుంది, కరక్కాయ, పాలల్లో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద అది తగలగానే నా కళ్ల ముందే నల్లబడింది. నేను నోరు తెరిచి చూస్తా ఉంటే ఆ పెద్దాయన, ఇది నా చేతిలో లేదు సామీ, కరక్కాయలో ఉండాది అన్నాడు. గుళ్లకి చేసే పెద్ద గుడ్డల్లో బొమ్మల వరసకి కింద తెలుగులో పద్యమో కథో కూడా రాస్తారు, అదే కలం, అదే కసిమి, బొమ్మ ఆగిపోయి అక్షరం మొదలైన చోటు కనిపెట్టలేం. బొమ్మ గీసినోణ్ణీ పద్యం రాసినోణ్ణీ వేరేగా పిలవాల్సిన అవసరం ఆ గుడ్డకి రాలేదు, అందుకే వ్రాత అనే ఒక్క మాట సరిపోయింది.

ప్రశ్న: సార్, హ్యాండ్ ప్లస్ క్రాఫ్ట్ అయితే హ్యాండ్‌క్రాఫ్ట్ కావాలి. మధ్యలో 'ఇ' ఎందుకు వచ్చింది? మా లెక్చరర్ హ్యాండీ అంటే సులువుగా అందేది, అందుకే అన్నారు.
డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: లేదు నాయనా. పాత ఇంగ్లీషులో అది హ్యాండ్‌క్రాఫ్టే. హ్యాండీవర్క్ అని ఇంకో మాట ఉండేది, దాంట్లో 'ఇ' సబబైనదే, వర్క్ ముందు 'గె' అనే ఒక ఉపసర్గ ఉండేది, అది అరిగి 'ఇ' అయింది. దాన్ని చూసి ఇది కూడా నాక్కావాలి అని తగిలించుకుంది, పక్కింటి పిల్లోడికి కొత్త చెప్పులు కొంటే మన పిల్లోడు ఏడ్చినట్టు. క్రాఫ్ట్‌కి మొదటి అర్థం బలం, జర్మన్‌లో క్రాఫ్ట్ అంటే ఇప్పటికీ బలమే.

ప్రశ్న: చెయ్యి, చేయడం ఒకటే మాట నుంచి వచ్చినాయి కదా? చేసేది కాబట్టి చెయ్యి. కరంలాగే. మరి తమిళంలో కై అంటారేంటి?
పాఠకురాలు, మాధవమాల

జవాబు: మంచి చోట పట్టుకున్నారమ్మా, తమిళం పక్కనే ఉండేవాళ్లకే వచ్చే అనుమానం ఇది. సంస్కృతంలో కరం, కృ ఒకటే. తెలుగులో చెయ్యి, చేయు మాత్రం రెండు వేరే మాటలు, తెలుగులోకి వచ్చినాక కవలపిల్లల మాదిరి అయిపోయినాయి. హస్తానికి పాత ద్రావిడ మాట కై, తమిళం, కన్నడం ఇద్దరూ అట్లానే ఉంచుకున్నారు, తెలుగులో 'క' మారి 'చ' అయింది. చేయడానికి పాత మాట 'కెయ్' మాదిరిది, కన్నడంలో 'గెయ్', తెలుగులో 'చేయు', తమిళంలో కూడా 'చెయ్'. తమిళం ఒకదాంట్లో 'క' ఉంచుకుని ఒకదాంట్లో మార్చుకుంది, అందుకే వాళ్లకి కై, చెయ్ వేరేగా వినపడతాయి, మనకి కలిసిపోయినాయి. మీ ఊళ్లో బాడిశతో కొయ్య చెక్కేవాళ్లని అడగండి, చెయ్యి లేకుండా చేసేది ఏముంటుంది, రెండూ ఒకటే అంటారు. చరిత్ర ఒప్పుకోదు గానీ వాళ్లతో వాదించొద్దు.

పాత 'కై' మన తెలుగులో పూర్తిగా పోలేదు. కైదండ, కైమోడ్పు, ఇట్లా కొన్ని అతుకుల్లో దాక్కుని ఉంది. వాటిల్లో ఒకటి 'కైసేత'. కై, చేత. అక్షరాలా చేతి చేత, చేతిపని. ఐరిష్ వాళ్లు లావ్‌కి పనితనం అతికించినట్టే మనవాళ్లూ అతికించినారు. కానీ మన పాత పద్యాల్లో కైసేత అంటే వృత్తి కాదు, అలంకారం. పెళ్లికూతురికి కైసేసినారు అంటే ముస్తాబు చేసినారని. ఇప్పుడు ఎవురూ వాడటం లేదు. శ్రీకాళహస్తి అమ్మ మళ్లీ ఎప్పుడన్నా అంగడి బోర్డు మార్పిస్తే, హ్యాండీక్రాఫ్ట్స్ కింద ఈ మాట రాయిస్తారేమో ఆలోచించమని నా మనవి, పెయింటరు అక్షరానికి ఇంత అని తీసుకుంటే మూడే అక్షరాలు, డబ్లిన్ వాళ్లకైన ఖర్చులో పావొంతు కూడా కాదు.